చేతిపలకలో కెమెరా చూపు



మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి మన గుంటూరు, ప్రకాశము సీమలలో మిరపకల్లము లన్నియు ఎఱుపెక్కును. నల్లరేగడి చేలలో పత్తి కడపటి తీతలు సాగుచుండును. ఈ దినములలో కథాచిత్రములు తీయువారును, మన పంటలను గూర్చియు మన కూలిజనమును గూర్చియు వృత్తచిత్రములు తీయువారును కెమెరాలు మోసికొని మన యూళ్లకు వచ్చుట కలదు. అట్టివారు పని చేయుచుండగా మీరొక వింతను గమనించియుందురు. కెమెరా ఒకచోట నుండును. దర్శకుడు దానికి ముప్పది నలువది గజముల దూరమున, చింతచెట్టు నీడలోనో గొడుగు క్రిందనో కూర్చుండి, బడిపిల్లవాని పలక వంటిదానిని చేతబట్టుకొని కన్నార్పక చూచుచుండును. కెమెరాకును పలకకును నడుమ తీగ యుండదు. అయినను కెమెరా ఎటు తిరిగిన పలకలోని బొమ్మయు అటే తిరుగును. ఆ పలక పేరు ట్యాబ్లెట్.

నేను బడిపంతులుగా నున్న కాలమున పిల్లవాడు పలకమీద ఏమి వ్రాసిన అదియే కనబడెడిది. ఈ పలకమీద మాత్రము దూరమున నున్న యంత్రము వ్రాయుచున్నది. అది వ్రాయు విధమెట్టిది, అందు కనబడుదానిని ఎంతవఱకు నమ్మవచ్చును, దానివలన మనవంటి గ్రామస్థులకు కలుగు ప్రయోజన మేమి అను మూడు సంగతులను ఈ పూట మనవి చేసెదను. సాంకేతికవిషయము గదా, మనకేల యని మీరనుకొనవలదు. బొమ్మ తీయువారు వారే కాని, బొమ్మలో నుండువారము మనము.

మొదట పూర్వపు పద్ధతిని జ్ఞప్తికి దెచ్చుకొందము. ఫిలిము వాడుకలో నున్న కాలమున కెమెరాలో పడు దృశ్యమును చూచు అధికారము ఒక్క ఛాయాగ్రాహకునికే యుండెడిది. అతడు చిన్న గవాక్షమునకు కన్నుజేర్చి చూచెడివాడు. తక్కినవారందఱును అతని మాటను నమ్మవలసినదే. వేయి అడుగుల ఫిలిముచుట్ట సుమారు 11 నిముషములలో అయిపోవును. దానిని మదరాసులోని లాబొరేటరీకి పంపి కడిగించి అచ్చువేయించిన పిదప గాని తీసినది ఎట్లున్నదో తెలియదు. అప్పటికి నటులు వెడలిపోయి యుందురు, పొలమున పంట మాఱిపోయి యుండును. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమున మార్కస్ బార్ట్లే యను ఛాయాగ్రాహకుడు పడవపాటలో మనకు చూపిన వెన్నెల చాలవఱకు స్టూడియోలో దీపములతో కల్పించినది. అది తెరమీద వెన్నెల వలె కనబడునని అతనికి చూపి చెప్పు యంత్రమేదియు నాడు లేదు. కాంతిని కొలుచు మీటరును, తన అనుభవమును మాత్రమే నమ్ముకొని అతడా పని చేసెను.

ఆ చిత్రమునందే ప్రియదర్శిని యను పేటిక యొకటి కలదని మీరెఱుగుదురు. దానిని తెఱచినవారికి వారి కత్యంతప్రియమైనది అందు కనబడును. ద్వారకలోని శశిరేఖకు దూరమున నున్న అభిమన్యుడు ఆ పేటికలో కనబడుట చూచి నాటి ప్రేక్షకులు అబ్బురపడిరి. దూరమున నున్నదానిని చేతిలోని వస్తువునందు చూడవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. అది తీఱిన విధము మాత్రము క్రొత్తది.

అది తీఱుటకు తొలిమెట్టు అమెరికాలో పడినది. జెర్రీ లూయిస్ అను హాస్యనటుడు 1960లో ది బెల్‌బాయ్ అను చిత్రమునకు తానే దర్శకుడు, తానే నటుడు నయ్యెను. కెమెరా యెదుట నటించుచున్నవాడు తన నటనను తాను చూచుకొనుట యెట్లు? అందుకై అతడు ఫిలిము కెమెరా ప్రక్కన చిన్న టెలివిజను కెమెరా నొకదానిని అమర్చి, తీగద్వారా ఆ బొమ్మను ఒక పెట్టెలో చూచుచు పని నడపెను. తరువాత ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది. అయినను ఆ పెట్టెలోని బొమ్మ మసకగా నుండెడిది, తీగ లేనిదే నడవకుండెడిది.

రెండవమెట్టు ఫిలిమే తొలగిపోవుట. 2007లో రెడ్ వారి తొలి కెమెరా, 2010లో జర్మనీ దేశపు ఆరి వారి అలెక్సా కెమెరా బయటికి వచ్చినవి. వీనిలో ఫిలిము లేదు. కటకము వెనుక, కాంతిని విద్యుత్తుగా మార్చు ఒక బిళ్ల యుండును. బొమ్మ అంకెలుగా మాఱి చిన్న పెట్టెలో నిలువయగును. ఆ 2010వ సంవత్సరముననే ఆపిల్ వారి ఐప్యాడ్ అను పలకయు అంగడికి వచ్చినది. బొమ్మ అంకెలైన పిదప, అంకెలను గాలిలో పంపుటకు అభ్యంతర మేమున్నది? ఈ రెండును కలిసికొనుటకు పెక్కుకాలము పట్టలేదు.

ఇక అది జరుగు తీరు వినుడు.

కెమెరాలో పడిన బొమ్మ రెండుదారుల పోవును. మొదటిదారిలో అది సమగ్రముగా, సూక్ష్మములన్నిటితో, కెమెరాలోని నిలువపెట్టెకు చేరును. అది అసలు. రెండవదారిలో దాని ప్రతి యొకటి కేవలము చూచుట కొఱకై వెలుపలికి వచ్చును. అది నకలు. భూమి దస్తావేజులతో పరిచయమున్న మీకు అసలునకును నకలునకును గల భేదమును నేను చెప్ప నక్కఱలేదు. పలకలో మనము చూచునది ఎన్నడును నకలే. ఈ యొక్కమాట జ్ఞప్తియందుంచుకొన్నచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

ఆ నకలును గాలిలో పంపుటకు కెమెరాపై అగ్గిపెట్టెలు నాలుగైదు కలిపినంత పరిమాణము గల ప్రసారిణి నొకదానిని బిగింతురు. ఆక్సూన్, హాలీల్యాండ్, టెరాడెక్ మొదలగు సంస్థలు వీనిని చేయుచున్నవి. 2020లో వచ్చిన రెడ్ వారి కొమోడో వంటి కొన్ని కెమెరాలలో ప్రసారిణి లోపలనే యుండును. అది తన చుట్టును చిన్న వైఫై మండలము నేర్పఱచును. సంకేతపదము తెలిసిన పలకలు అందు చేరి బొమ్మను అందుకొనును. మన రేడియో కేంద్రము కొన్ని జిల్లాలకు మాటను ప్రసారము చేసినట్లే, ఈ చిన్నకేంద్రము ఒక కల్లమునకో ఒక పెరడునకో బొమ్మను ప్రసారము చేయుచున్నదని భావింపుడు.

అయితే బొమ్మ మాటవంటిది కాదు, మిక్కిలి బరువైనది. లెక్క వేసి చూతము. సాధారణమైన హెచ్‌డి బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించినచో 20,73,600 చుక్కలు. చలనచిత్రమున సెకనునకు 24 బొమ్మలు గావున సెకనునకు 4,97,66,400 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పాళ్లు చెప్పవలెను. అందులకు 24 అంకెలు కావలయును. అన్నియు కలిసి సెకనునకు దాదాపు 119 కోట్ల అంకెలు! ఇంత భారమును ఈ చిన్నప్రసారిణి పలకలకు మోయజాలదు.

కావున దానిని కుదింతురు. విడిపత్తిని బండి కెత్తిన అది బండిని మించి పొరలును. జిన్నింగు మిల్లులో గింజ తీసి, యంత్రముతో నొక్కి బేలు కట్టినచో 170 కిలోల దూది చిన్నచోటున ఇముడును. బొమ్మకును ఇట్టి బేళ్లు కట్టు పద్ధతి కలదు. కాని అది నొక్కుట కాదు, తెలివిగా విడిచిపెట్టుట. మన కరణములు లెక్కలు వ్రాయునపుడు ఒకమారు రైతుపేరు, ఇంటిపేరు, సర్వే నంబరు పూర్తిగా వ్రాసి, తరువాతి పంక్తులలో ‘సదరు’ అని విడిచెడివారు. అట్లే ప్రసారిణి మొదటి బొమ్మను పూర్తిగా పంపి, తరువాతి బొమ్మలలో మాఱిన భాగమును మాత్రమే చెప్పి, మాఱనిదానికి ‘సదరు’ అని ఊరకుండును. కంటికి ఆనని సూక్ష్మములను కొన్నింటిని బొత్తిగా వదలివేయును. ఇట్లు 119 కోట్ల అంకెల పని ఒకటి రెండు కోట్ల అంకెలతో నెఱవేఱును. పలక ఆ బేలును విప్పి మరల బొమ్మగా పఱచును. వదలివేసిన సూక్ష్మములు మాత్రము తిరిగి రావు.

ఈ ప్రయాణమునకు వాహనమైన రేడియోతరంగమును గూర్చి రెండుమాటలు. 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైన విజయవాడ రేడియో కేంద్రమును మనము మధ్యతరంగములలో 837 కిలోహెర్ట్జ్‌మీద వినుచు వచ్చితిమి. ఆ తరంగము ఒక్కటి 358 మీటర్ల పొడవుండును. చెట్టును, ఇంటిని, చిన్నగుట్టను అది లెక్కచేయదు. ఈ పలకలకు బొమ్మను తెచ్చు తరంగములు తఱచుగా 5 గిగాహెర్ట్జ్ పట్టీలోనివి. వాని పొడవు రెండంగుళములకు కొంచె మెక్కువ, అనగా ఇంచుమించు ఒక చిన్న మిరపకాయ నిడివి. ఇంత చిన్నతరంగము అంకెలను విశేషముగా మోయును గాని, అడ్డంకిని దాటలేదు. తడి యాకుల తోటయు, నిండుగా నిలిచిన జనమును, శీతల గిడ్డంగుల రేకుగోడలును దానిని ఆపివేయును. పెండ్లిపందిరిలో వందలమంది చేతఫోనులు పట్టుకొని యున్నపుడు పలకలో బొమ్మ తునుకలై ఆగుటకు కారణము కొంత జనుల శరీరములు, కొంత ఆ ఫోనులు పుట్టించు తరంగములు. అందుచే ప్రసారిణిని మనుష్యుల తలలకు పైగా నెత్తి, పలక పట్టినవాడు దానికి కనబడునట్లు నిలువవలెను. నడుమ అడ్డము లేనియెడల నూఱుగజములవఱకు బొమ్మ నడచుట కలదు.

ఇట్లు ఎవరికి వారు గాలిలోనికి తరంగములు వదలుటకు అనుమతి అక్కఱలేదా యని మీరడుగవచ్చును. ఒకప్పుడు ఇంటిలో రేడియోపెట్టె నుంచుకొని వినుటకే తపాలాకచ్చేరిలో రుసుము చెల్లించి లైసెన్సు పొందితిమి గదా! భారత ప్రభుత్వము 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలోని విస్తారమైన భాగములను, నియమితమైన శక్తికి లోబడి, లైసెన్సు లేకయే వాడుకొన ననుమతించినది. కావున ఈ చిన్నప్రసారిణులకు ప్రత్యేక లైసెన్సు అక్కఱలేదు.

ఇంతవఱకు గుణములు. ఇక లోపములు చెప్పెదను.

మొదటిలోపము ఆలస్యము. బేలు కట్టుట, పంపుట, విప్పుట అను మూడు పనులకును కాలము పట్టును. అది సుమారు సెకనులో పదవవంతు, కొన్ని యంత్రములలో ఇంకను ఎక్కువ. పదవవంతు సెకను ఒక లెక్కా యందురేమో. నింపాదిగా నడచువాడు ఆ కాలములో 12 సెంటీమీటర్లు ముందునకు సాగును. పరుగెత్తు ఒంగోలు గిత్త ఇంకను ఎక్కువదూరము సాగును. ముఖమును దగ్గఱగా చూపునపుడు కటకము స్పష్టముగా పట్టు లోతు నాలుగంగుళములైనను ఉండకపోవచ్చును. కావున పలకను చూచి కటకము త్రిప్పువాడు, మనిషి గడపదాటిన పిదప గడపను స్పష్టము చేయును. ఆ పని చేయువానికి తీగతో కలిపిన తెరయైనను ఉండవలెను, లేదా ఆలస్యము లేని వేఱుజాతి ప్రసారిణియైనను ఉండవలెను. టెరాడెక్ వారి బోల్ట్ వంటివి సెకనులో వేయవవంతునకు లోబడి బొమ్మను చేర్చును గాని, వానికి తగిన గ్రాహకయంత్రము కావలయును. ఉత్త పలక వానిని నేరుగా అందుకొనజాలదు. దర్శకుడు నటనను చూచుకొనుటకు పలక చాలును. కటకము త్రిప్పువానికి చాలదు.

రెండవలోపము వేడి. ఐప్యాడును 35 డిగ్రీలకు మించని వాతావరణమున వాడవలెనని దానిని చేయువారే చెప్పుచున్నారు. మన రెంటచింతలలో 45 డిగ్రీలు దాటిన వేసవిదినములు కలవు. ఎండకు పెట్టిన పలక మొదట తన వెలుగును తానే తగ్గించుకొనును, పిమ్మట హెచ్చరిక చూపి పనిమానును. ఎండలో బొమ్మయు సరిగా కనబడదు. గొడుగు దర్శకునికంటె పలకకే ముఖ్యము.

మూడవలోపము రంగు. ఇది మన సీమకు మిక్కిలి సంబంధించినది. మన రెండు పంటలును, అనగా పత్తి తెలుపును మిరప ఎఱుపును, కెమెరాకును పలకకును కఠినపరీక్షలు. ఇది కొంచెము వివరించెదను.

పలకలో ప్రతిరంగునకును 0 మొదలు 255 వఱకు మెట్లు కలవు. నడియెండలో పఱచిన మిరపకాయల ఎఱుపు ఆ కడపటిమెట్టు నెక్కి అచ్చటనే నిలిచిపోవచ్చును. అప్పుడు కాయ ముడుతకును మెఱపునకును భేదము చెప్పుటకు పైమెట్టు లేదు. కాయ లన్నియు కలిసి ఒకే ఎఱ్ఱనిముద్దగా కనబడును. వెలుతురు హెచ్చినచోట చారలు చూపి హెచ్చరించు జీబ్రా యను సాధనము కలదు గాని, అది తఱచుగా మొత్తపు వెలుగును బట్టియే చెప్పును. ఆ మొత్తములో నూటికి ఆకుపచ్చకు 72 పాళ్లు, ఎఱుపునకు 21 పాళ్లు, నీలమునకు 7 పాళ్లు లెక్కింతురు. కావున ఎఱుపు ఒక్కటియే హద్దుమీఱినను ఆ హెచ్చరిక మేలుకొనదు. మూడురంగులను వేఱువేఱుగా గీతలపటములో చూపు సాధనము, దానిని ఆర్‌జిబి పెరేడ్ అందురు, దానిని మాత్రమే నమ్మవలెను.

నే నెఱిగిన ఒక కల్లములో ఇట్టిది జరిగినది. కూలికి వచ్చిన స్త్రీలు పట్టాపందిరి నీడలో కూర్చుండి తాలుకాయ లేఱుచుండగా, ముందు ఎండలో ఎఱ్ఱనికాయ పఱచియుండగా, యువకులు కొందఱు వృత్తచిత్రము తీయుచుండిరి. కల్లము గల రైతు, డెబ్బది దాటినవాడు, దర్శకుని వెనుక నిలిచి పలకలోనికి తొంగిచూచి, “ఇదేం కాయ బాబూ? ముడతే లేదు. ఎర్రగుడ్డ పరిచినట్టుంది” అనెను. దర్శకుడు చూచి, వెలుతురు తగ్గింపుమని కెమెరామానునకు కేక వేసెను. కెమెరామాను వెంటనే తగ్గింపలేదు. “ఉండండి, చూసి చెబుతా” నని కెమెరాలోని గీతలపటమును పరీక్షించెను. అసలులో ఎఱుపు హద్దుదాటలేదు. ముడుతయు తొడిమయు అందు చక్కగా నిలిచియున్నవి. అవి నకలులో మాత్రమే పోయినవి.

దీనికి కారణ మున్నది. ఈ కెమెరాలు అసలును వెలవెలబోయిన రంగులతో దాచును. దానిని లాగ్ అందురు. మిక్కిలి వెలుగును మిక్కిలి చీకటిని కూడ కోల్పోకుండుటకై చేసిన యేర్పాటది. అట్టిదానిని చూచుటకు ఇంపుగా నుండదు గనుక, లట్ అను ఒక వర్ణపట్టిక ద్వారా రంగులెక్కించి పలకకు పంపుదురు. ఆ పట్టిక మన మిరప ఎఱుపును హద్దు దాటించినది. కెమెరామాను పట్టికను తీసివేసి చూపగా కాయ కాయగా కనబడినది. “ఇప్పుడు మా సన్నాలు” అని ముసలిరైతు తలయూచెను.

దర్శకుని మాట విని ఆ క్షణమే వెలుతురు తగ్గించినయెడల ఏమయ్యెడిది? ఎఱుపు పలకలో కుదురుకొనెడిది. నీడలో కూర్చున్న స్త్రీల ముఖములు మాత్రము చీకటిలో కలిసిపోయెడివి. కాయకొఱకు మనుష్యులు పోయెడివారు. తిన్నగా పని చేయుచున్న యంత్రమును నకలు చూచి దిద్దబోవుటవలన కలుగు నష్ట మిట్టిది.

పత్తి విషయమున దీనికి విపరీతముగా జరుగును. పలక తన చుట్టునున్న వెలుతురును బట్టి తన ప్రకాశమును తానే హెచ్చించుకొనుట, తగ్గించుకొనుట కలదు. నీడలో కూర్చున్నవాని పలక మందముగా వెలుగుచు, విచ్చిన పత్తికాయలను హాయిగా చూపవచ్చును. కెమెరాలోని అసలులో తెలుపు అప్పటికే హద్దు దాటి, దూదిపోగులు మాసిపోయి, తెల్లకాగితపు తునుకలవలె నిలిచియుండవచ్చును. ఇచ్చట నకలు బాగున్నది, అసలు చెడినది. కావున పలకను వాడువారు ముందుగా దాని స్వయంప్రకాశమును, సాయంకాలము పసుపుదనము నెక్కించు ఏర్పాటును ఆపివేసి, వెలుగును ఒక్కచోట నిలిపి, ఆ పిదప గీతలపటముతో పోల్చి చూడవలెను.

ఈ సంగతి చిత్రములు తీయువారికి మాత్రమే కాదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి, కాయను చేతబట్టి, రంగు చూచి ధర కట్టుదురు. ఈ దినములలో ఫోనులో బొమ్మ పంపి, “కాయ ఎట్లున్నది?” అని అడుగుట వాడుకయగుచున్నది. ఫోనును ఇట్టి పలకయే. అందు కనబడు ఎఱుపు మన కాయ ఎఱుపు కాదు, దాని నకలు. తెచ్చిన రంగును యంత్రము హెచ్చించియు చూపవచ్చును, తగ్గించియు చూపవచ్చును. బొమ్మను బట్టి సంభాషణ ఆరంభింపవచ్చును గాని, ధరను తేల్చుకొనరాదు. కాయను చూచియే తేల్చుకొనవలెను.

ఇక పలకవలన మనకు కలుగు మేలు. ఇది చిన్నది కాదు.

పూర్వము మన యూరిలో తీసిన బొమ్మను మనము సినిమాహాలులో గాని చూడలేదు. అందు మన యిల్లు ఎట్లు చూపబడినదో, మన మనుష్యులు ఎట్లు చూపబడిరో తెలియునప్పటికి చేయగలిగినది లేదు. నేడు తీయుచుండగనే చూడవచ్చును. పైని చెప్పిన కల్లములోనే మఱియొకటి జరిగినది. పని విరామమున కెమెరామాను ఆ పలకను స్త్రీలకు చూపెను. అందొకామె తన ముఖమును చూచుకొనలేదు. బొమ్మ అంచున, దూరముగా, తలుపు తెఱచియున్న తన గుడిసెను చూచెను. లోపల పక్కమీద పరుండియున్న మనిషి కనబడుచుండెను. “మా అత్తకు బాగాలేదు. ఆమెను చూపొద్దు నాయనా” అనెను. వారు కెమెరాను ఒక మూరెడు ప్రక్కకు త్రిప్పిరి. అంతటితో సరి. పలక లేనియెడల ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసినను అప్పటికి ఆలస్యమయ్యెడిది.

విశాఖపట్టణపు కంచరపాలెములో తీసిన కేరాఫ్ కంచరపాలెం 2018లో విడుదలయైనది. అందు నటించినవారిలో అనేకులు ఆ పేటవారే. కెమెరాలు చిన్నవగుచు, వెల తగ్గుచు వచ్చుకొలది ఇట్టి ప్రయత్నములు మన యూళ్లకును వచ్చును. వచ్చినవారిని ఆదరింపుడు. మంచినీళ్లిండు, నీడ చూపుడు. దానితోబాటు మర్యాదగా కొన్ని కోరికలు కోరుడు.

మొదటిది, చూచుటకు మన గ్రామమువారి కొక పలకను ఇప్పింపుమనుడు. అనేక ప్రసారిణులు ఒక్కసారిగా రెండు మూడు పలకలకు బొమ్మను పంపగలవు. మఱియొక పలకను చేర్చుటవలన వారికి వ్యయము లేదు. రెండవది, స్త్రీలను, పిల్లలను, రోగులను తీయుటకు ముందు వారినిగాని వారి పెద్దలనుగాని అడిగి, తీసిన పిదప పలకలో వారికే చూపుమనుడు. మూడవది, తమ వైఫై మండలమునకు గట్టి సంకేతపదము పెట్టుకొనుమనుడు. ఏలననగా పలక చూచుట యేకాదు, చూచినదానిని దాచుకొనుటయు ఎఱుగును. సంకేతపదము తెలిసిన ఆకతాయి ఎవడైనను గోడచాటున కూర్చుండి, మన యింటి ఆడపడుచుల బొమ్మలను తన ఫోనులోనికి దించుకొనవచ్చును. నాలుగవది, చూచునపుడు మనము నటులకు సలహాలు చెప్పబూనరాదు. కాయ పేరు తప్పుచెప్పిన, కొడవలి పట్టుట తప్పిన, మన యింటి మర్యాద తప్పిన చెప్పుదము. తక్కినది వారి వృత్తి.

ప్రియదర్శినిలో ఎవరికి ప్రియమైనది వారికి కనబడెడిది. ఈ పలకలో ప్రియమైనదియు, అప్రియమైనదియు, కెమెరా యెదుట నేదియున్న అదియే కనబడును. మనము అడిగి చూచుటకు తగినది ఇందువలననే యైనది. అయితే నకలు చూచి సంతోషించి ఊరకుండుట మన పద్ధతి కాదు. పొలము కొనునపుడు నకలు చదివి, పిదప రిజిస్ట్రారు కచ్చేరిలో అసలుతో సరిచూచుకొందుము గదా! అట్లే, చిత్రము పూర్తియైన పిదప విడుదలకు ముందు ఒకమారు మన పంచాయతీ ఆవరణములో తెరగట్టి చూపవలెనని మొదటిదినముననే మాట తీసికొనుడు. తీసినదానిలో ఏది యుంచిరో, ఏది కత్తిరించిరో, దేని వెనుక దేనిని చేర్చిరో పలక చెప్పజాలదు. అది ఆ తెరయే చెప్పవలయును.